ట్యాంకర్లు పోసినా లాన్ పసుపెక్కుతోందంటే: అర ఎకరం గడ్డికి నీళ్ల లెక్క

ముందు మీ ప్రశ్న సారాంశం చెప్పేస్తాను, కొత్తగా చదివేవాళ్లకి పనికొస్తుంది. హైదరాబాద్ శివార్లలో తెల్లాపూర్ వైపు వంద ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీ. అర ఎకరం లాన్, చుట్టూ పొదలు, చెట్లు. స్ప్రింక్లర్లు పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు తిరుగుతాయి. వేసవిలో బోరు అడుగంటి రోజుకు రెండు ట్యాంకర్లు, ఒక్కోటి 10,000 లీటర్లు. అయినా గడ్డిలో పసుపు మచ్చలు. ఒక వెండరు లాన్ మొత్తం కింద డ్రిప్ వేద్దామంటున్నాడు. కమిటీలో కొందరు అసలు గడ్డే పీకేసి ప్లాస్టిక్ గడ్డి పరుద్దామంటున్నారు. ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నీళ్లు వాసన వస్తున్నాయని డ్రైనేజీలోకి వదిలేస్తున్నారు.

కమ్యూనిటీల తోటలు చూసుకోవడమే నా పని. నన్నడిగితే ప్రస్తుతానికి డ్రిప్ వద్దు, ప్లాస్టిక్ గడ్డి అసలే వద్దు. ఎందుకో లెక్క చూడండి.

ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు ఎత్తున నీళ్లు నిలబెడితే అది సరిగ్గా ఒక లీటరు. అర ఎకరం అంటే దాదాపు 2,000 చదరపు మీటర్లు. కాబట్టి మీ లాన్‌కి ఒక మి.మీ. తడి అంటే 2,000 లీటర్లు. హైదరాబాద్ చుట్టుపక్కల మే నెల ఎండకీ గాలికీ నేల నుంచి, ఆకుల నుంచి రోజుకు 7-8 మి.మీ. దాకా నీరు ఆవిరైపోగలదు. గరిక జాతి గడ్డికి అందులో 60 శాతం వెనక్కి ఇస్తే చాలు, బతకడమే కాదు పచ్చగానే ఉంటుంది. అంటే రోజుకు దాదాపు 5 మి.మీ., పది వేల లీటర్లు. మీరు పోస్తున్నది ఇరవై వేలు.

అవసరానికి రెట్టింపు పోస్తున్నా మచ్చలు పడుతున్నాయంటే నీళ్లు చాలక కాదు, ఒకచోట పొంగి ఇంకోచోట అందక. ఈ సంగతి తేలకుండా ఏ కొత్త సిస్టమ్ కొన్నా ఇదే గోల పైపు మార్చుకుని మళ్లీ వస్తుంది.

తేల్చుకోవడానికి కన్సల్టెంటు అక్కర్లేదు, పదహారు డబ్బాలు చాలు. అన్నీ ఒకే సైజువి, మూతి దగ్గరా అడుగు దగ్గరా ఒకే వెడల్పు ఉన్నవి తీసుకోండి. ఒక వాల్వు కింద నడిచే భాగంలో వాటిని గళ్లు గళ్లుగా సమదూరంలో పెట్టండి. స్ప్రింక్లర్ పక్కనే కొన్ని, రెండు స్ప్రింక్లర్ల నడుమ కొన్ని, మచ్చ పడ్డచోట తప్పకుండా రెండు. గాలి లేని తెల్లవారుజామున పావుగంట నడిపి ఆపేయండి. మందుల షాపులో దొరికే సూది లేని సిరంజితో ఒక్కో డబ్బాలో ఎన్ని మిల్లీలీటర్లు పడ్డాయో కొలిచి కాగితం మీద అదే గళ్లలో రాసుకోండి. డబ్బా మూతి వెడల్పు 10 సెంటీమీటర్లయితే సుమారు 8 మి.లీ. నీళ్లకి ఒక మి.మీ. లెక్క.

ఆ కాగితం చూస్తే చాలావరకు జబ్బు అక్కడే బయటపడుతుంది. అన్నిటి సగటు కట్టండి. తర్వాత అతి తక్కువ పడ్డ నాలుగు డబ్బాల సగటు కట్టండి. రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తే 0.7, ఆ పైన వస్తే స్ప్రింక్లర్ వ్యవస్థ పర్వాలేదు. 0.5 వచ్చిందనుకోండి, ఎండిన మూలకి 5 మి.మీ. చేరాలంటే లాన్ మొత్తం మీద సగటున 10 మి.మీ. పోయాలి. మీ రెండో ట్యాంకర్ వెళ్తున్నది బహుశా ఇక్కడికే.

పంపకం ఎందుకు చెడుతుందో పొద్దున్నే ఒకసారి లాన్ చుట్టూ నడిస్తే కళ్లకే కనిపిస్తుంది. నీళ్లు వదలగానే నేలలోంచి పైకి లేవాల్సిన పాప్-అప్ స్ప్రింక్లర్ తల గడ్డిలోకి కూరుకుపోయి, లేచినా చుట్టూ గడ్డి అడ్డుపడి నీళ్లు అక్కడికక్కడే కారుతుంటాయి. బోరు ఇసుక నాజిల్‌లో చిక్కి విసనకర్రలా పరుచుకోవాల్సిన ధార రెండు పాయలుగా చీలిపోతుంది. గడ్డి కోసే మొవర్ తగిలి తల ఒరిగిపోతే సగం నీళ్లు దారి మీద పడతాయి. ఇవన్నీ మాలి ఒక పూటలో సరిచేయగల పనులు. మోటారు ఒత్తిడి మరీ ఎక్కువైతే ధార బొట్లుగా పడకుండా పొగమంచులా లేచి గాలికి పోతుంది. స్ప్రే నాజిళ్లకి 2 బార్ చుట్టుపక్కల ఒత్తిడి చాలు, అంతకు మించితే ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టించాలి. ఇంకొకటి కాంట్రాక్టర్లు తరచూ చేసేది: నిలబడి విసనకర్రలా చల్లే స్ప్రే తలలు, మెల్లగా తిరిగే రోటర్లు ఒకే వాల్వు మీద కలిపేస్తారు. స్ప్రే గంటకు 35-40 మి.మీ. కురిపిస్తే రోటర్ గంటకు 10-15 మి.మీ. మాత్రమే ఇస్తుంది. ఒకే టైము నడిపితే ఒకవైపు బురద, ఇంకోవైపు ఎండు. వాటిని వేర్వేరు వాల్వుల మీదకి మార్చడం ఖర్చుతో కూడిన పనే, కానీ మొత్తం డ్రిప్ కంటే చాలా తక్కువ.

తలల మధ్య దూరం కూడా చూడండి. ఒక తల విసిరే ధార పక్క తల మొదలు దాకా చేరాలి. "అంత దగ్గరగా ఎందుకు సార్, నీళ్లు వేస్టు" అని చెప్పి రెండు తలలు మిగుల్చుకునే కాంట్రాక్టరు వల్ల ఆ తర్వాత ఏళ్ల తరబడి నీళ్లు వేస్టవుతాయి.

ఇక రోజుకు రెండు పూటలు పోసే అలవాటు. హైదరాబాద్‌లో ఎక్కువచోట్ల ఎర్ర చెలక నేల, అడుగున మొరం. ఇలాంటి మట్టి ఒక అడుగు లోతులో మొక్క తాగగలిగే నీరు 30-35 మి.మీ. పట్టి ఉంచుతుంది. గడ్డి వేరు ముప్పావు అడుగు దిగిందనుకుంటే పాతిక మి.మీ. దాని ఖాతాలో ఉన్నట్టు. అందులో సగం ఖర్చయ్యేదాకా దానికి ఏ ఇబ్బందీ ఉండదు. అంటే నడి మే నెలలో కూడా రోజు విడిచి రోజు 10 మి.మీ. పెట్టొచ్చు. రోజుకు రెండుసార్లు కొంచెం కొంచెం చల్లితే పై రెండంగుళాలే తడుస్తాయి, వేరు కూడా అక్కడే ఉండిపోతుంది, ఒక్క పూట కరెంటు పోయినా గడ్డి వాడిపోతుంది. ఆవిరయ్యేది కూడా ఆ పై పొర తడే.

తడి ఎంత లోతుకు దిగిందో చూడటానికి పొడవాటి స్క్రూడ్రైవర్ చాలు. నీళ్లు పెట్టిన మర్నాడు గుచ్చండి. తడి ఉన్నంత మేర సులువుగా దిగి, పొడి దగ్గర ఆగిపోతుంది. నాలుగైదు అంగుళాలకే ఆగితే ఇంకాసేపు నడపాలి. గడ్డికి దాహమేస్తోందా లేదా అన్నది దానిమీద నడిస్తే తెలుస్తుంది: అడుగుల గుర్తులు వెంటనే లేచి సరి కాకుండా అలాగే ఉండిపోతే, ఆకు రంగు కాస్త నీలి బూడిదలోకి తిరిగితే, ఆ రోజు నీళ్లు పెట్టాలి. లేకపోతే అక్కర్లేదు.

రోజు విడిచి రోజుకి ఒక్కసారిగా మారకండి. రెండు పూటల నుంచి ఒక పూటకి, వారం పది రోజుల తర్వాత రోజు విడిచి రోజుకి. వేరు కిందికి దిగడానికి టైము ఇవ్వాలి. నడి వేసవిలో కంటే ఫిబ్రవరిలో ఈ మార్పు మొదలుపెడితే గడ్డికి సుఖం.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. మీ లాన్‌లో కొంత భాగం కింద సెల్లార్ పార్కింగ్ ఉందా? ఆ సెల్లార్ పైకప్పు (పోడియం స్లాబు) మీద మట్టి చాలాచోట్ల అడుగు కూడా ఉండదు. అక్కడ వేరు దిగడానికి చోటు లేదు, అదనంగా పోసిందంతా మట్టి కింద నీళ్లు పోవడానికి పరిచిన ప్లాస్టిక్ జాలీ (డ్రెయిన్ సెల్) గుండా కిందికి పోతుంది. కొన్నిసార్లు పార్కింగ్‌లో కార్ల మీద కారుతుంది కూడా! అక్కడ రోజూ కొద్దిగా పెట్టక తప్పదు, కాబట్టి ఆ భాగానికి వేరే వాల్వు, వేరే టైము ఉండాలి. శంకర్‌పల్లి వైపు లాగా నల్లరేగడి అయితే కథ తిరగబడుతుంది: నీరు ఎక్కువ పట్టి ఉంచుతుంది కానీ మెల్లగా తాగుతుంది. పావుగంట నడిపి, అరగంట ఆపి, మళ్లీ పావుగంట నడపండి. లేకపోతే పైపైనే పారి రోడ్డెక్కుతుంది. వాలుగా ఉన్న గడ్డికీ ఇదే పద్ధతి.

నీళ్లు పెట్టే వేళ తెల్లవారుజాము 4 నుంచి 7. గాలి ఉండదు, ఎండ ఉండదు. సాయంత్రం పెడితే ఆకు రాత్రంతా తడిగా ఉండి, ముఖ్యంగా వానాకాలంలో, బూజు తెగుళ్లకి పిలిచి పీట వేసినట్టే.

ఇప్పుడు టైమర్. నా అనుభవంలో వేసవి ట్యాంకర్ల మీద గొడవపడే కమిటీలు సెప్టెంబరులో, డిసెంబరులో పోయే నీళ్ల ఊసే ఎత్తవు. డిసెంబరులో ఇక్కడ ఆవిరి 4 మి.మీ. అటూ ఇటూ, గడ్డికి రెండున్నర చాలు. మీ లెక్కలో 5,000 లీటర్లు. కానీ టైమర్ మాత్రం రోహిణి కార్తెలో పెట్టిన సెట్టింగుతోనే ఏడాదంతా నడుస్తుంది. వాన కురుస్తుంటే ఆ వానలోనే స్ప్రింక్లర్లు తిరిగే కమ్యూనిటీ మీ రోడ్డులోనే ఒకటైనా ఉంటుంది. బోరు నీళ్లే కదా, ఊరికే వస్తున్నాయి కదా అనుకుంటారు. అక్టోబరులో అనవసరంగా తోడిన నీరే ఏప్రిల్‌లో బోరులో లేనిది.

కార్తెలు తెలిసినవాళ్లకి ఇది సులువు. మృగశిర దాటి రెండు గట్టి వానలు పడ్డాక టైమర్ ఆపేయండి. వానల మధ్య ఎడం వచ్చి అడుగు గుర్తులు నిలబడితేనే మాన్యువల్‌గా ఒక తడి. దసరా దాటాక వారానికి రెండుసార్లు. చలికాలమంతా అదే. శివరాత్రి నుంచి వారానికి మూడు. ఏప్రిల్, మేలో రోజు విడిచి రోజు. అంటే టైమర్ ముట్టుకోవాల్సింది ఏడాదికి నాలుగైదు సార్లే. దాని పక్కన వాన పడితే ఆపేసే రెయిన్ సెన్సర్ బిగించండి. ఖరీదైన స్మార్ట్ కంట్రోలర్లు తర్వాత చూసుకోవచ్చు.

టైమర్ కంటే గట్టి సమస్య మనుషులది. గడ్డి కాస్త రంగు తగ్గగానే వాట్సాప్ గ్రూపులో ఫొటో పడుతుంది, సూపర్‌వైజర్ మాలిని తిడతాడు. మాలి ఏం చేస్తాడు? వాల్వు ఇంకో పావుగంట తిప్పి ఉంచుతాడు. ఎక్కువ నీళ్లు పోసినందుకు అతన్ని ఎవరూ ఏనాడూ తిట్టలేదు మరి. అందుకే గార్డెన్ లైనుకి విడిగా ఒక నీళ్ల మీటరు పెట్టించి, రోజూ రీడింగు అతని చేతే రాయించండి. నీళ్లు తగ్గించినందుకు అతనికేదైనా ఇవ్వండి. మే నెలలో లాన్ ముదురు ఆకుపచ్చగా ఉండదని కమిటీ ముందే నోటీసు పెట్టాలి. ఈ నోటీసు లేకుండా ఏ టెక్నాలజీ పెట్టినా రెండో వారానికే మూలపడుతుంది.

గడ్డి కటింగ్ గురించి రెండు ముక్కలు. వేసవిలో బ్లేడు ఎత్తు పెంచండి, గరిక జాతులైతే రెండంగుళాల దాకా వదిలేయొచ్చు. ఆకు నేలకి నీడ పడుతుంది. ఒకసారికి మూడో వంతు కంటే ఎక్కువ కోయొద్దు. బ్లేడు మొద్దుబారితే ఆకు చివర చీలి తెల్లగా ఎండుతుంది, దూరం నుంచి చూసేవాళ్లు నీళ్లు చాలట్లేదనుకుంటారు. ఏప్రిల్, మేలో యూరియా చల్లడం మానేయండి. అది లేతాకు తెప్పిస్తుంది, లేతాకుకి నీళ్లు కావాలి.

ఎస్టీపీ నీళ్ల సంగతి చదివి నాకు నిజంగా బాధేసింది. వంద ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు అన్న మామూలు ప్రమాణం ప్రకారం చూసినా 54,000 లీటర్లు వాడతారు. అందులో 80 శాతం మురుగునీరుగా తిరిగొస్తుంది, అంటే 43,000 లీటర్లు. ఫ్లష్‌లకి కొంత పోయినా మీ లాన్ మొత్తానికి మే నెలలో కావాల్సినంత మిగులుతుంది. అవి డ్రైనేజీలోకి వదిలి, గేటు దగ్గర ట్యాంకర్ కోసం ఎదురుచూస్తున్నారు. నాగార్జునసాగర్ నుంచి, ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా నీళ్లు పంపులతో ఎత్తిపోసి తెచ్చుకుంటున్న నగరం ఇది. బెంగళూరులో 2024 మార్చిలో తోటలకి తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. ఇక్కడ ఆ రోజు వచ్చేదాకా ఆగడం దేనికి?

శుద్ధి చేసిన నీళ్లకి కుళ్లు వాసన రాకూడదు. వస్తోందంటే ఎక్కడో గాలి అందట్లేదు. కరెంటు బిల్లు తగ్గించడానికి రాత్రిళ్లు మురుగులోకి గాలి ఊదే బ్లోయర్ ఆపేయడం చాలాచోట్ల జరిగేదే, ముందు అది కనుక్కోండి. బురద సకాలంలో తీస్తున్నారా, శుద్ధి అయిన నీళ్లు ట్యాంకులో రోజుల తరబడి కదలకుండా నిలబడుతున్నాయా చూడండి. క్లోరినేషన్ సరిగా ఉండాలి. ఈ నీళ్లు స్ప్రింక్లర్‌తో చల్లితే జనం నడిచే వేళకి ముందే అయిపోవాలి, "తాగరాదు" అన్న బోర్డు ఉండాలి, పైపు రంగు వేరుగా ఉండాలి. కూరగాయల మడుల వైపు పోనివ్వొద్దు. ల్యాబ్ రిపోర్టులో ఈసీ అంకె చూడండి, నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పేది అదే. 2 dS/m లోపు ఉంటే గరిక జాతికి ఢోకా లేదు, అది ఉప్పు బాగానే తట్టుకుంటుంది. ఆకు కొసలు మాడటం, నేల మీద తెల్లటి పొర కనిపిస్తే ఉప్పు పేరుకుంటున్నట్టు. మన దగ్గర వానాకాలం గట్టిగా కురిస్తే చాలావరకు అదే కడిగేస్తుంది. ఆర్వో వ్యర్థ నీళ్లకీ ఇదే మాట: గట్టి పొదలకి, మార్చి మార్చి పోయండి, కుండీలకి మాత్రం రోజూ అవే పోయొద్దు.

ఇక లాన్ ఎంత ఉండాలన్నది. పిల్లలు ఆడేచోట, పెద్దవాళ్లు సాయంత్రం కూర్చునేచోట గడ్డికి సాటి లేదు. కానీ కాంపౌండు గోడ వెంట రెండు మీటర్ల పట్టీ, ట్రాన్స్‌ఫార్మర్ పక్క త్రికోణం, దట్టమైన చెట్టు కింది నీడ, వీటిమీద మొవర్ తోసే మాలి తప్ప ఇంకెవరూ అడుగుపెట్టరు. స్ప్రింక్లర్ నీళ్లు ఎక్కువగా రోడ్డు మీద పడేది కూడా ఈ ఇరుకు పట్టీల దగ్గరే. అవి తీసేస్తే మీ 2,000 చదరపు మీటర్లు సులువుగా 1,200 అవుతాయి. పంపకం సరిచేసి రోజుకు సగటున ఆరున్నర మి.మీ. పోసినా మే నెలలో 8,000 లీటర్ల లోపే. ఇరవై వేల నుంచి!

తీసేసినచోట ఏం వేయాలి? నందివర్ధనం, గన్నేరు (పిల్లలు ఆకులు నమిలే చోట మాత్రం వద్దు, విషం), కాగితప్పూలు, నూరు వరహాలు, అడ్డసరం, వావిలి. కాస్త చోటుంటే తంగేడు. దీన్ని తోటలో ఎవరూ ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు, రోడ్డు పక్క ఎవరూ నీళ్లు పోయకుండానే నిండా పూస్తుంది, పైగా తెలంగాణ రాష్ట్ర పుష్పం. నీడకి కానుగ, పొగడ, రేల. నాటాల్సింది తొలకరి వానలకే. ఏప్రిల్‌లో నర్సరీ నుంచి తెచ్చి నాటితే ఏ కరువు మొక్కైనా రోజూ నీళ్లడుగుతుంది.

డ్రిప్ పెట్టాల్సింది ఈ పొదలకి. చుక్క రంధ్రాలు పైపులోనే ఉండే 16 మి.మీ. ఇన్‌లైన్ పైపు, 40 సెంటీమీటర్లకొక చుక్క, ఒక్కో చుక్క గంటకు 2 లీటర్లు ఇచ్చేవి చాలు. లైను మొదట్లో డిస్క్ ఫిల్టర్ తప్పనిసరి, వారానికోసారి కడగాలి. లైను చివరి మూత నెలకోసారి విప్పి బురద పోనివ్వాలి. మన బోరు నీళ్ల గట్టిదనానికి చుక్క రంధ్రాల్లో సున్నం కడుతుంది. అందుకే వేశాక మర్చిపోవచ్చు అనే వెండరు మాట నమ్మకండి. ఉడతలు కొరుకుతాయి, గడ్డి కోసే మెషీను తీగ పైపుని కోస్తుంది, ఎక్కడ తెగిందో వెతకడానికి పైపు కనబడాలి. లాన్ కింద పాతిన డ్రిప్ మీద నా అభ్యంతరం కూడా ఇదే: పద్ధతి మంచిదే, కానీ ఒక చుక్క మూసుకుపోయిందని గడ్డి ఎండాక గానీ తెలీదు. రోజూ ఫిల్టర్ చూసే మనిషి లేని కమ్యూనిటీకి అది పనికిరాదు.

డ్రిప్ పైన మూడంగుళాల మందాన ఎండుటాకులో, వేరుశనగ పొట్టో, చెరకు పిప్పో పరవండి, కాండానికి తగలకుండా. మీ కమ్యూనిటీలో ఊడ్చి సంచుల్లో కట్టి లారీకెత్తే ఆకులే ఇందుకు చాలు. నాటి మూడేళ్లు దాటిన వేప, కానుగలకి నీళ్లు ఆపేయొచ్చు. పోయాలనిపిస్తే కాండం మొదలు దగ్గర కాదు, కొమ్మల అంచు కింద పాదు తీసి పోయండి, తాగే వేర్లు అక్కడుంటాయి. నీళ్లు పీల్చి పట్టి ఉంచే హైడ్రోజెల్ గుళికలు కొత్త మొక్క గుంటలో వేస్తే కొంత సాయం చేస్తాయి. ఉన్న లాన్ మీద చల్లడం దండగ.

ప్లాస్టిక్ గడ్డి అడిగారు కాబట్టి: మే మధ్యాహ్నం దాని ఉపరితలం 60 డిగ్రీలు దాటుతుంది. పిల్లలు చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేరు, చల్లబరచడానికి మళ్లీ నీళ్లే చల్లుతారు. కొన్నేళ్లకి పీకి చెత్తకుప్పకి పంపాలి, వాన నీరు ఇంకే నేల కూడా పోతుంది.

ఈ వేసవికి ఏదీ చేయలేని పరిస్థితి వస్తే ఒక దారి ఉంది. గరిక జాతి గడ్డి ఎండినట్టు కనిపించినా కణుపుల్లో ప్రాణం ఉంచుకుంటుంది. రెండు మూడు వారాలకోసారి 12-15 మి.మీ. తడి ఇస్తూ, దానిమీద ఆటలు ఆపిస్తే తొలకరికి మళ్లీ పచ్చబడుతుంది. వెడల్పాకు బఫెలో గ్రాస్ అయితే మాత్రం ఈ ప్రయోగం చేయకండి, అంత తట్టుకోదు. మీది ఏ గడ్డో రాయలేదు. దగ్గర నుంచి ఒక ఫొటో, డబ్బాల కాగితం, ఎస్టీపీ రిపోర్టులో ఈసీ అంకె పెట్టండి. ఏ వాల్వు మీద ఏ నాజిల్ మార్చాలో అప్పుడు చెప్తాను.